సాంచాల చప్పుడులో పెద్దబాపు పాట

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో పల్లీల పచ్చడికి మిక్సీ వేసి, ఆ రొదలో ఎవరికీ వినబడదన్న ధీమాతో గొంతెత్తి పాడుకుంటున్నాను. మిక్సీ ఆపగానే పాట కూడా ఆపేశాను. వెనక్కి తిరిగి చూస్తే మా అక్క, చేతిలో ఒక సంచితో, గుమ్మంలో నిలబడి నవ్వుతున్నది. అక్క అంటే తోడబుట్టినది కాదు, మా పెద్దబాపు బిడ్డ. పెద్దబాపు కూడా మా బాపుకు సొంత అన్న కాదు. సిరిసిల్లలో మా వాడకట్టులో పక్కింటి మనిషి, పిలుపులో అన్న, అంతే. మా ఈడు వాళ్ళకు ఇలాంటి చుట్టరికాలు విడమరచి చెప్పనక్కరలేదు కాని, ఈ కాలం పిల్లలెవరైనా చదువుతారేమోనని చెబుతున్నాను.

అక్కకు డెబ్బై దాటాయి. చిన్ననాటి నుంచి మరమగ్గాల మధ్య పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నది. కొడుకు కొనిపెట్టిన మిషన్ ఒకటి చెవిలో పెట్టుకుంటుంది గాని, అది మర్యాద కోసమే. అసలు వినేది కళ్ళతోనే. మనం మాట్లాడుతుంటే మన పెదవులకేసి చూసి, మనకంటే ముందే సమాధానం చెబుతుంది. ఆ రోజు ఆమె చెప్పిన సంగతి ఏమిటంటే, పెద్దబాపు పోయిన ఇన్నేళ్ళకు ఆయన ట్రంకు పెట్టె అడుగున ఒక క్యాసెట్ దొరికిందట. కరీంనగర్‌లో ఒక దుకాణం అతను దానిని ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడట. ఒకటో పక్క ఒక ముక్కగా, రెండో పక్క ఒక ముక్కగా ఉన్నదట. భజన మండలి వాళ్ళు వచ్చే నెలలో పెద్దబాపు పేరు మీద చిన్న సభ పెడుతున్నారు, అందులో నేను పెద్దబాపు పాట పాడాలి, ఆ తరువాత ఆయన గొంతునే మైకులో అందరికీ వినిపించాలి. ఇదీ అక్క కోరిక.

"మొదలు నువ్వే ఇనాలె చెల్లె," అన్నది. "బాపు ఆయన పాట నీకే ఇచ్చి పోయిండు గద."

నా ఫోనులోకి ఆ రెండు ముక్కలూ ఎక్కించుకుని, ఆమె బస్సెక్కి వెళ్ళిన తరువాత ఫ్యాను కూడా ఆపి కూర్చుని మొదటిది పెట్టాను. గొంతు సవరించుకోవడం వినబడింది, తరువాత పాట మొదలైంది. మాటలు నేను ఎరిగినవే. "పోగు నీది, నేత నీది, నడుమ నేనెవరిని సామీ" అని. కాని ఆ వరుస నేను ఎరిగినది కాదు. బాణీని మా వైపు వరుస అంటారు. నలభై ఏళ్ళకు పైగా ఎక్కడ పాడినా, ఇది మా పెద్దబాపు వరుస అని ముందుగా చెప్పి దణ్ణం పెట్టుకుని నేను పాడుతూ వచ్చిన పాట ఒకటి. పెద్దబాపు గొంతులో వస్తున్నది పూర్తిగా ఇంకొకటి. ఎక్కడో ఒకచోట కలుస్తుందేమోనని చివరిదాకా విన్నాను. ఎక్కడా కలవలేదు. రెండో ముక్క వినడానికి నాకు ధైర్యం చాలలేదు. ఫోను దిండు కింద పెట్టి, పచ్చడి సంగతి మరచిపోయి, సాయంత్రం దాకా అట్లాగే కూర్చున్నాను.

ఇది అర్థం కావాలంటే వెనక్కి వెళ్ళాలి. మా బాపుకు పన్నెండు సాంచాల కార్ఖానాలో పని. మరమగ్గాలను మేము సాంచాలంటాము. అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేసేది. పదో తరగతి అయిపోగానే నన్ను కూడా ఆ కార్ఖానాలోనే నూలు కండెలు చుట్టే మిషన్ మీద కూర్చోబెట్టారు. పదహారేళ్ళు నాకు. మొదటి రోజు ఆ చప్పుడుకు తల పగిలిపోతుందనుకున్నాను. వారం తిరిగేసరికి, చప్పుడు లేని చోట నిద్రపట్టడం కష్టమైంది. పన్నెండు సాంచాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరచినా వినబడదు. అందుకని అక్కడ అందరం చేతులతోనూ పెదవులతోనూ మాట్లాడుకునేవాళ్ళం. పోగు తెగిందనడానికి రెండు వేళ్ళు కత్తెరలాగా ఆడించడం, కార్ఖానా ఆసామి వస్తున్నాడనడానికి లేని మీసం దువ్వడం, చాయ్‌కి బొటనవేలు నోటిదాకా ఎత్తడం. మిగతా ముచ్చట్లన్నీ నోరు మెదిపితే చాలు, అటుపక్క మనిషి చదివేసేది. ఎవరింట్లో ఏం వండారో, ఎవరి కోడలు అలిగి వెళ్ళిందో, ఒక్క మాట చెవిన పడకుండానే నాకు అన్నీ తెలిసేవి.

ఒక మూలనున్న నాలుగు సాంచాలు పెద్దబాపు నడిపేవాడు. సన్నటి పొడుగాటి మనిషి, కొన్నేళ్ళు మహారాష్ట్రలోని భివండిలో పనిచేసి వచ్చినవాడు. ఆయన పనిచేస్తున్నంతసేపూ పాడేవాడు. నా మిషన్ దగ్గర నుంచి ఆయన ముఖం నేరుగా కనబడేది. మెడ నరాలు ఉబ్బేవి, కళ్ళు సగం మూసుకునేవాడు, ఒకచోట తల మెల్లగా పక్కకు వాల్చి "సామీ" అనేవాడు. తెగిన పోగు ముడివేస్తూ కూడా ఆ పెదవులు ఆగేవి కావు. మాటలన్నీ నేను ఆయన పెదవుల మీదే చదివి నేర్చుకున్నాను. చరణాలు కూడా. కాని పాట అన్నది మాత్రం ఒక్క ముక్క నా చెవిన పడలేదు. అయినా, నవ్వకండి, అంత గొప్ప పాట నేను అప్పటిదాకా విని ఉండలేదని నాకు గట్టి నమ్మకం. మా వాడలో పెళ్ళిళ్ళకు వచ్చే బ్యాండు, గుడిలో భజన, సినిమా పాటలు అన్నీ ఆ ముఖం ముందు చప్పగా అనిపించేవి.

అందుకే నేను రోజూ కరెంటు పోవాలని కోరుకునేదాన్ని. కార్ఖానాలో కరెంటు పోవాలని మొక్కుకున్న మనిషి నేను తప్ప ఇంకొకరు ఉండరు. పోయేది కూడా. రోజుకు మూడు నాలుగు సార్లు పోయేది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, చెవుల్లో దిమ్మ మాత్రం మిగిలేది. నేను ఆత్రంగా ఆ మూలకు చూసేసరికి పెద్దబాపు నోరు మూసుకుని, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ ఉండేవాడు. ఎంత కచ్చితంగా ఆపేవాడంటే, ఆయన నోటికీ ఆ మోటార్లకూ ఒకటే తీగ ఉన్నదేమో అనిపించేది. ఒకసారి ధైర్యం చేసి, పెద్దబాపూ, ఇప్పుడు పాడరాదూ అని అడిగాను.

"నాకేం పాటొస్తది బిడ్డా," అన్నాడు. "ఊకె నోరు ఆడిస్త."

వానాకాలంలో ఒక పగటిపూట మాత్రం ఆయన పప్పులో కాలేశాడు. సాంచాలు ఆగాయి, ఆయన నోరు అర ఊపిరి మేరకు ఆలస్యంగా ఆగింది. ఆ అర ఊపిరిలో నాకు వినబడింది ఒక్క "సామీ". పైనుంచి కిందికి జారుతూ, జారుతూ, ఎక్కడా తెగకుండా నేల మీదికి దిగిన ఒక స్వరం. అంతే. ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూసి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కార్ఖానాలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నాకు మాత్రం చేతిలో కండె జారిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, అవ్వ పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తూ, ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని పాట మొత్తం పాడేశాను. ఎలా పాడానో నాకు ఈనాటికీ తెలియదు. ఆ జారుడుకు ముందు ఏముండి ఉంటుందో, దాని వెనక ఏముండాలో, ఆయన మెడ నరాలు ఎక్కడ ఉబ్బాయో, తల ఎక్కడ వాల్చాడో అవన్నీ గుర్తు చేసుకుంటూ వెళితే వరుస దానంతట అదే వచ్చింది. అన్నం ముందు కూర్చున్న బాపు ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు. ఎక్కడ నేర్చావని అడిగితే, పెద్దబాపు పాట అన్నాను. అబద్ధం ఆడుతున్నానని నాకు తోచలేదు. ఇప్పటికీ అది అబద్ధమో నిజమో తేల్చుకోలేకుండా ఉన్నాను.

మార్కండేయ గుడిలో సోమవారం సాయంత్రాలు భజన జరిగేది. అది మగవాళ్ళ భజన. ఆడవాళ్ళు వచ్చి కూర్చోవచ్చు, తాళం మాత్రం పట్టకూడదు, నోరు కలపకూడదు. అక్కడ నేను పాడగలిగానంటే పెద్దబాపు పేరు వల్లనే. పిల్ల సొంత పాట కాదు, పెద్దమనిషి పాట, ఆయన నోటితో పాడడు కాబట్టి పిల్ల పాడుతున్నది అని బాపు పెద్దల దగ్గర ఏదో నచ్చచెప్పాడు. పాడాను. వాళ్ళు ఇంకోసారి పాడమన్నారు. పెద్దబాపు వెనక స్తంభం దగ్గర తలవంచుకుని కూర్చుని విన్నాడు. ఇది నా వరుస కాదు అని ఆయన ఆ రోజు ఒక్క మాట అని ఉంటే నా పని అయిపోయేది, మరునాటి నుంచి కండెల మిషనే గతి. ఆయన అనలేదు. పోతూ పోతూ నా తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

ఆ తరువాత అంతా ఒకదాని వెనక ఒకటి జరిగిపోయింది. మండలి హార్మోనియం ఆయన సరిగమలు చెప్పాడు, కరీంనగర్‌కు వచ్చి సంగీతం పరీక్షలు రాశాను, ఉట్నూర్‌లో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పాట చెప్పే పని దొరికింది. మంచిర్యాల దాకా బస్సు, ఆపైన ఇంకో బస్సు, అక్కడి నుంచి మనుషులు వేలాడే జీపు. అడవి పల్లెల నుంచి వచ్చిన గోండు పిల్లలకు తెలుగు అంతంత మాత్రమే వచ్చేది, అయినా ఆ "సామీ" దగ్గర జారుడు మాత్రం నాకంటే బాగా పట్టుకునేవారు. అక్కడ వాళ్ళ ఇళ్ళకు వంశకథలు చెప్పే పర్ధానులు వస్తారు. కిక్రి అనే తీగవాద్యం మోకాలికి ఆనించుకుని వాయిస్తారు. ఎవరి దగ్గర నేర్చావని ఒక పెద్దాయనను అడిగితే, తండ్రి పేరు, తాత పేరు, ఆ పైతాత పేరు గుక్కతిప్పుకోకుండా చెప్పి, నీ సంగతేమిటని నన్నడిగాడు. మా పెద్దబాపు అన్నాను. ఆయన పెద్దబాపుకు ఎవరు నేర్పారని మళ్ళీ అడిగాడు. అంతలో జీపు వచ్చింది కాబట్టి బతికిపోయాను.

పెద్దబాపు పోయినప్పుడు ఉట్నూర్ నుంచి వచ్చాను. పదో రోజు భజనలో ఆ పాటే పాడాను. అందరూ ఏడ్చారు. పెద్దబాపు భార్య, మా పెద్దవ్వ, అప్పుడు నన్ను పక్కకు పిలిచి ఒక సంగతి చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఆయన గుడిలో ఒకసారి పాడబోతే, పగిలిన కుండ మోగినట్టున్నదని ఎవరో అన్నారట, అందరూ నవ్వారట. ఆనాటి నుంచి సాంచాల చప్పుడులో తప్ప ఆయన ఎక్కడా నోరు విప్పలేదట. నేను ఆ మాట విని కళ్ళు తుడుచుకున్నానే గాని, దాని అర్థం ఏమిటో ఆలోచించలేదు. ఎవరికీ వినబడకూడదని పాడుకున్న మనిషి పాటను నేను ఊరూరా మైకులో పాడుతున్నానన్నది నాకు తట్టనే లేదు.

ఇప్పుడు ఈ క్యాసెట్ వచ్చి నా నెత్తిన కూర్చున్నది. సభలో దీనిని వినిపిస్తే, ఇన్నేళ్ళుగా నేను పెద్దబాపు పేరు చెప్పి పాడినదంతా ఉత్తదని మైకులో తేలిపోతుంది. నా దగ్గర నేర్చుకుని వెళ్ళిన పిల్లలు ఎంతమందో, వాళ్ళందరూ కూడా ఆ పేరు చెప్పే పాడుతున్నారు. మరునాడు అక్క ఫోను చేసింది. వీడియో కాల్, మా ముఖాలు కనబడాలి కదా. క్యాసెట్ చెడిపోయింది అక్కా, గరగర తప్ప ఏమీ లేదు అని చెప్పాను. చెవిటి మనిషికి పాట సంగతిలో అబద్ధం చెప్పడం కంటే సిగ్గుచేటు పని నేను జీవితంలో చేయలేదు. ఆమె పెదవులు బిగించి, సరేలే అన్నట్టు తల ఊపింది.

నాలుగు రోజులు నాకు ఏ పనీ తోచలేదు. పెద్దబాపు వరుస మళ్ళీ మళ్ళీ విన్నాను. నిజం చెప్పాలంటే ఆయన గొంతు బాగుండదు. శ్రుతి ఆయన మాట వినదు. కాని ఆ నడక ఎక్కడో విన్నదే. ఉట్నూర్‌లో ఉన్నప్పుడు అటు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే భజన బృందాలు అభంగాలు పాడేవి, అచ్చం ఆ నడక. భివండిలో ఏ మరాఠీ పెద్దమనిషి పాడుతుంటే విన్నాడో, దాని మీద తన మాటలు అల్లుకున్నాడు కాబోలు. ఇంకొక అనుమానం ఇంతకంటే పెద్దది. ఈ వరుసలో "సామీ" జారదు, నిటారుగా నిలబడుతుంది. మరి ఆ వానాకాలం నేను విన్న జారుడు ఎవరిది? కరెంటు పోయినప్పుడు మోటార్లు తిరుగుడు తగ్గుతూ ఊఁ అని కిందికి దిగే చప్పుడు ఒకటి ఉంటుంది. నేను పెద్దబాపు గొంతని భ్రమపడింది ఆ మోటారునేమో. నా గురువు ఒక మోటారేమో. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఐదో రోజు రెండో ముక్క పెట్టాను. ఇంతకంటే పోయేదేమున్నది అనుకున్నాను. గొంతు సవరించుకుని, మిషన్‌తో మాట్లాడడానికి మొహమాటపడే మనిషిలాగా, పెద్దబాపు మెల్లగా అన్నాడు:

"గిది బిడ్డ వరుస. నాది కాదు. మంచిగున్నది. జర నేర్వాలె."

తరువాత నా వరుసలో పాడడం మొదలుపెట్టాడు. పల్లవి ఎలాగో గట్టెక్కించాడు. "సామీ" దగ్గరికి వచ్చేసరికి జారలేకపోయాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. నాలుగుసార్లు. నాలుగోసారి తనలో తానే నవ్వుకున్నాడు, టక్కుమని మీట నొక్కిన చప్పుడు, అంతే. నేను ఆ నవ్వును ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

సభకు ఒక రోజు ముందే సిరిసిల్ల వెళ్ళి, అక్కకు ఎదురుగా కూర్చుని, ఆమెకు కనబడేలా నిదానంగా పెదవులు కదుపుతూ అంతా చెప్పాను. అబద్ధం చెప్పిన సంగతి కూడా. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను.

"బాపుది ఏ వరుసో నాకేమెరుక చెల్లె," అన్నది. "నేను గూడ సూసిందే గని ఇన్నది లేదు."

సభలో నేను మొట్టమొదటిసారి పెద్దబాపు అసలు వరుసలో పాడాను. పాడిన తరువాత సంగతంతా చెబుదామని నా ఆలోచన. పల్లవి కూడా పూర్తికాకముందే మండలి పెద్దాయన నా వైపు వంగి, ఎంతో జాలిగా, యాది తప్పినట్టున్నవమ్మా, పరేషాన్ కాకు, పెద్దమనిషి వరుస గిట్లుండది అన్నాడు. నేను పాడడం ఆపి మైకు దగ్గర ఫోను పెట్టి మొదటి ముక్క వినిపించాను. అందరూ చెవులు రిక్కించి విన్నారు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్దాయన చాలాసేపు తల గోక్కున్నాడు.

"గొంతు ఆయనదే," అన్నాడు చివరికి. "పాటనే ఆయనది కాదు."

ఇంక నేనేం చెప్పను. రెండో ముక్క పెట్టాను. గిది బిడ్డ వరుస అన్న మాట దగ్గర పెద్దాయన ఫోను దగ్గరికి జరిగి చెవి ఆనించాడు. ఆయన "సామీ" దగ్గర తడబడినప్పుడు వెనక ఎవరో తాళం అందుకున్నారు. మూడోసారి తడబడినప్పుడు ఆ వాక్యాన్ని మండలి మొత్తం కలిసి పూర్తి చేసింది. నలభై ఏళ్ళుగా నోళ్ళకు అలవాటైన జారుడు కదా, వాళ్ళంతట వాళ్ళే అందుకున్నారు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ముందు వరుసలో కూర్చున్న అక్క ఒక్కతే అయోమయంగా ఫోనుకేసి, మైకుకేసి, మా ముఖాలకేసి చూస్తున్నది. తండ్రి పాడుతున్నాడని తెలుసు, ఎక్కడ చూడాలో తెలియడం లేదు. చివరికి లేచి వచ్చి నా కొంగు పట్టుకుని లాగింది.

"డబ్బాల నోరు కనబడుతలేదు చెల్లె. నువ్వు పాడు, నేను సూస్త."

ఆమె ముఖంలోకి చూస్తూ పాడాను. పెద్దబాపు తల వాల్చే చోట తల వాల్చాను, కళ్ళు సగం మూసే చోట మూశాను. అక్క పెదవులు కూడా నాతోపాటు కదిలాయి. ఏ వరుసలో పాడానని తరువాత పెద్దాయన అడిగితే నాకు గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు.

మరునాడు తిరిగి వస్తూ, మా పాత కార్ఖానా చూద్దామని వెళ్ళాను. కొత్తరకం మిషన్లు వచ్చాయి, చప్పుడు తగ్గింది. ఒక్కొక్కరు నాలుగైదింటిని చూసుకుంటూ చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరి పాట వాళ్ళు వింటున్నారు. పాడేవాళ్ళు ఎవరూ కనబడలేదు. ఒకరి పెదవులకేసి ఒకరు చూసుకునే అవసరం కూడా వాళ్ళకు ఉన్నట్టు లేదు. మంచిదే, వాళ్ళ చెవులైనా మిగులుతాయి. ఆ మూల గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఆ రోజు నేను విన్నది గొంతో మోటారో, మోటార్లు ఆగే చప్పుడు ఇంకొక్కసారి వింటే తేలిపోతుంది కదా అన్న పిచ్చి ఆశ. చాలాసేపు చూశాను గాని, ఇప్పుడు మా ఊళ్ళో కరెంటు పోవడం లేదు.